ఆపరేషన్ అయితేనే ట్రాన్సిషన్ అయినట్టా?

ప్రశ్న, క్లుప్తంగా: "మా తమ్ముడికి 22 ఏళ్ళు, బెంగళూరులో ఉద్యోగం. సంక్రాంతికి ఇంటికొచ్చి తను నిజానికి అమ్మాయినని, డాక్టర్ పర్యవేక్షణలో హార్మోన్లు మొదలుపెట్టబోతున్నానని చెప్పాడు. ఆపరేషన్ ఆలోచన ప్రస్తుతానికి లేదట. అమ్మ ఏడుపు ఆపట్లేదు. బాబాయేమో 'చేయించుకుంటే ఒకేసారి ఆపరేషన్ చేయించుకుని ఆడపిల్లలా ఉండు, లేదంటే అన్నీ మానెయ్, ఈ సగం సగం ఏంటి' అంటున్నాడు. తెలియకే అడుగుతున్నా. ట్రాన్సిషన్ అంటే అసలు ఏమిటి? ఎప్పటికి పూర్తవుతుంది?"

జవాబు:

మీ బాబాయి అడిగింది కొత్త ప్రశ్నేం కాదమ్మా. కలెక్టరేట్ గుమస్తా నుంచి ఆటో డ్రైవర్ దాకా నన్ను ఇదే అడిగారు, "ఆపరేషన్ అయిందా?" అని. నేను ట్రాన్స్ మహిళని, వయసు యాభై దాటింది. చిన్నప్పుడే ఇల్లు వదిలి హైదరాబాద్‌లో ఒక గురువు దగ్గర చేరాను. ఆ తర్వాత చాలా ఏళ్ళుగా మావాళ్ళకి తోడుగా ఆస్పత్రులకీ, ఆఫీసులకీ, అప్పుడప్పుడు పోలీస్ స్టేషన్లకీ తిరిగే పనిలో ఉన్నాను. డాక్టర్ని కాను కాబట్టి మందుల విషయంలో నా మాటే ఫైనల్ అనుకోకండి. మీరు తమ్ముడని రాశారు. తను అమ్మాయినని చెప్పింది కాబట్టి నేను మీ చెల్లెలనే రాస్తాను.

ట్రాన్సిషన్ అంటే పుట్టినప్పుడు రాసిన ఆడ, మగ అన్నది వదిలి, తను లోపల ఎవరో ఆ మనిషిగా బతకడానికి చేసుకునే మార్పు. ఆ ఒక్క మాట కింద చాలా పనులు ఉన్నాయి. పేరు, పిలుపు, బట్టలు, హార్మోన్లు, లేజర్, సర్జరీ, కాగితాలు, తను తనలాగే వెళ్ళి చేసుకోగల ఉద్యోగం. వీటిలో ఏది కావాలి, ఏది అక్కర్లేదు, ఏది ముందు అన్నది ఆ మనిషికి బాధ ఎక్కడుందో దాన్నిబట్టి ఉంటుంది. అద్దంలో ఛాతీ చూసుకుని కుమిలిపోయేవాడికి ఆధార్‌లో పేరు మారిస్తే ఉపశమనం రాదు. బ్యాంకులో పాత పేరు గట్టిగా పిలిచేసరికి లేచి వెళ్ళిపోయే మనిషికి సర్జరీ చేయించినా ఆ కౌంటర్ దగ్గర కష్టం తీరదు. బాధ తీరిన చోట పని అయినట్టు లెక్క. బయటినుంచి మీ బాబాయికి సగంగా కనిపించేది ఆ మనిషికి నిండుగా ఉండొచ్చు. నాకు తెలిసినవాళ్ళ గురించి కొంత చెబుతాను, గుర్తుపట్టడానికి వీల్లేకుండా వివరాలు మార్చాను.

మా గురువు తరం వాళ్ళకి చీర కట్టుకుని బజార్లోకి రావడమే పెద్ద సంగతి. నిజాం కాలంలో, 1919లో, హైదరాబాద్ రాజ్యంలో మావాళ్ళ మీద ఒక చట్టం చేశారు. అందరి పేర్లూ రిజిస్టర్లో రాసిపెట్టాలి. ఆడబట్టల్లో వీధిలో కనిపించినా, నలుగురిలో ఆడిపాడినా వారంటు లేకుండా పట్టుకుపోవచ్చు, రెండేళ్ళ దాకా జైల్లో పెట్టొచ్చు. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జూలైలో. అవును, 2023లోనే. అంత కాలం పుస్తకాల్లో అది అలాగే పడి ఉంది. ఆ రోజుల్లో చీర కట్టుకుని చార్మినార్ దగ్గర గాజులు కొనుక్కోవడానికి ఎంత గుండె ధైర్యం కావాలో ఆలోచించండి. నేను ఎరిగిన ఒక పెద్దామె ఆస్పత్రి గడప తొక్కలేదు, మందుబిళ్ళ మింగలేదు. జుట్టు పెంచింది, చీర కట్టింది, ఆడపేరు పెట్టుకుంది, చచ్చేదాకా అలాగే బతికింది. ఆమెది పూర్తి కాలేదని అనడానికి నాకు నోరు రాదు.

మా జమాత్‌లలో, అంటే గురువు చుట్టూ చేరి బతికే మా హిజ్రా బృందాల్లో, నిర్వాణం అనే పద్ధతి ఉంది. మగ అవయవాలు తీసేయించుకోవడం. పూర్వం మాలోనే ఆ పని తెలిసిన దాయమ్మ చేసేది. తర్వాత నలభై రోజులు గడప దాటనివ్వరు, నలభయ్యో రోజు పసుపు, స్నానం, కొత్త చీర, పండగ. ఆనాటి నుంచి ఇంట్లో ఆమె మాట చెల్లుతుంది, బధాయికి, అంటే పెళ్ళి ఇళ్ళకో పిల్లలు పుట్టిన ఇళ్ళకో దీవించి డబ్బు తీసుకోవడానికి, వెళ్ళినచోట ఎవరూ వేలెత్తి చూపరు. చేయించుకోనివాళ్ళని అక్వా అంటారు, వాళ్ళకి ఆ మర్యాద కొంచెం తక్కువే. బయటివాళ్ళు దీన్ని ఆడ శరీరం కోసం చేసే ఆపరేషన్ అనుకుంటారు. కొందరికి అది నిజమే. మరికొందరికి మేం కొలిచే మాతకి మొక్కిన మొక్కు. ఇల్లు వదిలి వచ్చిన ఇంకొందరికి మళ్ళీ ఒక ఇంటి మనిషిని అయ్యాననే భరోసా. అంటే ఒకే కోత ముగ్గురికి మూడు పనులు చేసింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకుండా ఉండలేను. దొంగచాటుగా, తక్కువ ఖర్చులో చేసే చోట్లలో రక్తం పోయి ప్రాణం మీదికి వచ్చినవాళ్ళున్నారు, మూత్రం దారి మూసుకుపోయి ఏళ్ళ తరబడి అవస్థ పడినవాళ్ళున్నారు. ఇంకొకటి చాలామందికి తెలియదు. వృషణాలు తీసేశాక శరీరానికి మగ హార్మోనూ దాదాపు ఉండదు, ఆడ హార్మోనూ ఉండదు. బయటినుంచి హార్మోన్ తీసుకోకపోతే ఎముకలు గుల్లబారతాయి. మా పెద్దవాళ్ళలో చిన్నగా జారిపడితేనే తుంటి విరిగిందంటే మిగతా కారణాలతోపాటు దీన్నీ డాక్టర్‌కి గుర్తు చేస్తాను. ఆపరేషన్‌తో అంతా అయిపోతుందనుకునే మీ బాబాయికి ఇది వినిపించండి. అక్కణ్ణించి జీవితాంతం మందు ఉంటుంది.

తెలంగాణ పల్లెల్లో ఇంకో దారి ఉంది. బోనాలకి, జాతరలకి పూనకం వచ్చే శివసత్తులు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే, కానీ మగపిల్లలుగా పుట్టినవాళ్ళూ ఉన్నారు. అమ్మవారి పేరు మీద చీర, పసుపు, జడ. ఊరు ఊరంతా దండం పెడుతుంది. కొందరు పండగ రోజుల్లో మాత్రమే అలా ఉండి మిగతా రోజుల్లో పంచెకట్టుతో పొలం పనికి వెళ్తారు, భార్యాపిల్లలు కూడా ఉంటారు. కొందరికి ఆ చీరే అసలు తాము. ఎవరు ఏమిటో బయటినుంచి చెప్పలేం, అడిగినా ఒక్కోసారి వాళ్ళే చెప్పలేరు. నాకైతే అలా చెప్పాల్సిన అవసరమూ కనిపించదు.

మగవాళ్ళుగా బతకాలనుకునే వాళ్ళ గురించి మనవాళ్ళకి దాదాపు తెలియదు. పత్రికల్లో ట్రాన్స్‌జెండర్ అంటే మా ఫొటోలే వేస్తారు. ఆడపిల్లగా పుట్టి లోపల అబ్బాయి అయినవాడికి పారిపోయి చేరడానికి జమాత్ లేదు. ఇల్లు దాటనివ్వరు, ఫోన్ లాక్కుంటారు, ఇరవై నిండకుండా సంబంధం చూస్తారు. నేను ఎరిగిన ఒక అబ్బాయి డిగ్రీ అంతా ఛాతీకి క్రేప్ బ్యాండేజీ బిగించి చుట్టుకుని తిరిగాడు, మే నెల ఎండల్లో కూడా. పక్కటెముకల నొప్పి వస్తే ఆస్పత్రికి పోవడానికి భయం, చొక్కా విప్పమంటారని. మీకు తెలిసిన ఎవరైనా అలా చేస్తుంటే ఆ బ్యాండేజీ వద్దని చెప్పండి, ఊపిరికి అడ్డం. దీనికోసమే కుట్టిన బైండర్లు దొరుకుతాయి, అవి కూడా రాత్రి పడుకునేటప్పుడు తీసెయ్యాలి.

వాళ్ళకి టెస్టోస్టెరాన్, అంటే మగ హార్మోన్, చాలా పని చేస్తుంది. కొన్ని నెలల్లో గొంతు మారుతుంది, మందు ఆపినా మళ్ళీ వెనక్కి రాదు. ఎక్కువమందికి ఆరు నెలల్లోపు నెలసరి ఆగుతుంది. గడ్డం మాత్రం తీరిగ్గా, కొన్నేళ్ళ మీద వస్తుంది. రక్తం చిక్కబడే ప్రమాదం ఉంది కాబట్టి పరీక్షలు తప్పవు. సర్జరీల్లో చాలామంది మొదట కోరేది ఛాతీది. కింది భాగానిది విడతలు విడతలుగా చేసే పెద్ద ఆపరేషన్, ఖర్చూ లక్షల్లోనే, అందుకే అక్కర్లేదనుకునేవాళ్ళు చాలామంది. ఆ అబ్బాయి ఛాతీ సర్జరీ తర్వాత చేసిన మొదటి పని తిరుపతి కొండ మీద చొక్కా లేకుండా ఉత్తరీయం వేసుకుని క్యూలో నిలబడటం. ఇప్పటికీ అతనికి కింద సర్జరీ లేదు. ఎప్పుడు చేయించుకుంటావని ఎవరైనా అడిగితే, "మీకు మా ఇంటి పడకగదితో పనేంటి" అంటాడు. కాస్త దురుసు మనిషి లెండి, కానీ తప్పేం అనలేదు.

ఇక మీ చెల్లెలి విషయం. తను చెప్పిన హార్మోన్లు ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్, దానితోపాటు మగ హార్మోన్‌ని అణిచే మందు. చర్మం మెత్తబడుతుంది, లైంగిక కోరిక తగ్గుతుంది, మూడు నుంచి ఆరు నెలల్లో రొమ్ములు మొదలై రెండు మూడేళ్ళకి పూర్తిగా వస్తాయి. మందు ఆపేసినా రొమ్ములు పోవు. గొంతు మారదు, దానికి సాధన చెయ్యాలి. గడ్డం పోదు, దానికి లేజర్. ఈ రెండు మార్పులూ వాటంతటవే వస్తాయనుకుని ఏడాది తర్వాత దిగాలు పడేవాళ్ళని చూశాను, అందుకే ముందే చెబుతున్నా. సిగరెట్ అలవాటుంటే మానాలి, ఈస్ట్రోజెన్ బిళ్ళలకి అది తోడైతే రక్తనాళాల్లో గడ్డలు కట్టే ముప్పు పెరుగుతుంది. మొదటి ఏడాది మూడు నెలలకోసారి రక్తపరీక్షలు చేయించాలి. మా కాలంలో మెడికల్ షాపులో మాలా-డి కొనుక్కుని దోసిట్లో పోసుకుని మింగేవాళ్ళం, ఎవరూ చెప్పేవారు లేక. మీ చెల్లెలు డాక్టర్ దగ్గరికి వెళ్ళి మొదలుపెడుతోందంటే మీరు దిగులుపడాల్సిన దానికంటే ఊపిరి పీల్చుకోవాల్సిందే ఎక్కువ.

మొదలుపెట్టకముందే అడగాల్సిన మాట ఒకటుంది. హార్మోన్లతో వీర్యకణాలు తగ్గిపోతాయి, ఆపినా మళ్ళీ వస్తాయన్న గ్యారంటీ లేదు. ఎప్పటికైనా తన రక్తం పంచుకున్న బిడ్డ కావాలనుకుంటే ముందే వీర్యం భద్రపరచుకోవాలి. ఈ విషయం అక్కగా మీరు అడిగితే సిగ్గుపడకుండా జవాబు చెప్పే వీలుంది, అమ్మ అడిగితే కష్టం.

హార్మోన్లు చాలు, ఆపరేషన్ వద్దు అన్నవాళ్ళు నాకు లెక్కకు మించి తెలుసు. కారణాలు వేరువేరు. డబ్బు లేదు, సెలవు దొరకదు, మత్తుమందంటే భయం. సర్జరీ తర్వాత కొత్తగా చేసిన యోని దారి మూసుకుపోకుండా ఏళ్ళ తరబడి క్రమం తప్పకుండా డైలేషన్, అంటే పరికరంతో సాగదియ్యడం, చేసుకోవాలి, అంత ఓపిక లేదు. లేదా ఆ శరీరంతో వాళ్ళకి పేచీయే లేదు. ఈ చివరి కారణం మీ బాబాయి లాంటివాళ్ళకి మింగుడుపడదు. పడకపోయినా నష్టం లేదు. చేయించుకోవాలనుకునేవాళ్ళని ఆపడమూ నా పని కాదు. ఆపరేషన్ అయ్యాక పదేళ్ళ తర్వాత కూడా నాకు ఫోన్ చేసి ఆ రోజే పుట్టినరోజని చెప్పే మనిషి ఉంది.

పై పై మార్పు ఏదీ చేసుకోని వాళ్ళు కూడా ఉన్నారు. కోస్తా జిల్లాలో రిటైరైన ఒక టీచర్, మనవలున్నారు. ఇద్దరు స్నేహితులకి మాత్రమే తన ఆడపేరు తెలుసు, వాళ్ళు ఫోన్‌లో ఆ పేరుతో పలకరిస్తారు. అంతే. ఇక ఆడా మగా రెండూ కామనే పిల్లలు ఇప్పుడు నగరాల్లో కనిపిస్తున్నారు. ఒకరు రొమ్ములు వద్దంటారు, గడ్డమూ వద్దంటారు. మా జమాత్ పెద్దలకి ఇది అర్థం కాక తల పట్టుకుంటారు, చూస్తే నవ్వొస్తుంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో "ఇతరులు" అని రాసుకున్నది 43,769 మంది. ఆ టీచర్‌గారూ, బ్యాండేజీ అబ్బాయీ ఆ అంకెలో ఉన్నారని నేను అనుకోను.

కొందరికి అన్నిటికంటే కాగితమే ముఖ్యం. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) వేసిన కేసులో తీర్పు ఇస్తూ, తాము ఎవరో చెప్పుకునే హక్కు మనుషులదేనని, దానికి సర్జరీ చేయించుకోవాలని పట్టుబట్టడం చెల్లదని చెప్పింది. 2019లో వచ్చిన చట్టంలో మాత్రం రెండు మెట్లు పెట్టారు. ట్రాన్స్‌జెండర్ అని కలెక్టర్ ఇచ్చే గుర్తింపు పత్రం మొదటిది, సర్జరీ అయ్యాక స్త్రీ అనో పురుషుడనో మార్పించుకునేది రెండోది. దాంతో ఏమైందంటే, శరీరానికి అక్కర్లేకపోయినా కార్డు మీద "స్త్రీ" అని పడాలని సర్జరీకి సిద్ధపడినవాళ్ళు తయారయ్యారు. నా దృష్టిలో ఇది అన్యాయం. ఈ నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టేనాటికి ఏది అమల్లో ఉందో తెలిసిన లాయర్‌ని అడిగి పెట్టండి. టెన్త్ మెమోలో పేరు మార్పించడం అన్నిటికంటే మొండి పని, ఓపిక పట్టాలి.

అయినా కదలిక లేదనలేం. 2024 జూలైలో హైదరాబాద్‌లో పనిచేస్తున్న ఒక కేంద్ర రెవెన్యూ సర్వీసు (ఐఆర్ఎస్) అధికారి పేరునీ, లింగాన్నీ స్త్రీ నుంచి పురుషుడిగా సర్వీసు రికార్డుల్లో మారుస్తూ కేంద్ర ఆర్థిక శాఖ ఉత్తర్వు ఇచ్చింది. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పెళ్ళి చేసుకున్న ట్రాన్స్ మహిళకి భర్త, అత్తింటివాళ్ళ వేధింపుల మీద 498ఏ కింద ఫిర్యాదు చేసే హక్కు ఉందని, పిల్లల్ని కనలేదు కాబట్టి స్త్రీ కాదనడం కుదరదని చెప్పింది. ఆ కేసు మాత్రం ఆధారాలు చాలక నిలబడలేదు.

ఉద్యోగమే ట్రాన్సిషన్ అయినవాళ్ళూ ఉన్నారు. 2024 డిసెంబర్‌లో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసుల్లో 39 మంది ట్రాన్స్‌జెండర్లని అసిస్టెంట్లుగా తీసుకున్నారు. ఒకప్పుడు సిగ్నల్ దగ్గర చేయి చాపినవాళ్ళకి అదే సిగ్నల్ దగ్గర చేయి చూపించి బండ్లు ఆపే యూనిఫాం వస్తే, వాళ్ళని హార్మోన్ల గురించి అడగాలనిపించదు ఎవరికీ.

మధ్యలో ఆపేసేవాళ్ళ గురించి కూడా చెప్పాలి, ఎవరో ఒకరు మీ అమ్మకి ఎలాగూ చెబుతారు. నాకు తెలిసినంతలో ఎక్కువమంది ఆపింది డబ్బు అయిపోయో, ఇంట్లో ఒత్తిడికో, మందు దొరక్కో. హైదరాబాద్ నారాయణగూడలో 2021లో ట్రాన్స్ మనుషుల కోసం తెరిచిన మిత్ర్ క్లినిక్ అమెరికా సాయంతో నడిచేది. 2025 జనవరిలో ఆ నిధులు ఆగగానే మూతపడింది, అక్కడి మందుల మీద ఆధారపడినవాళ్ళు దిక్కులు చూశారు. తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ అనే పేరుతో మళ్ళీ తెరిచారు. ఇది నాకు సరిపడదని తెలుసుకుని ఆపినవాళ్ళూ ఉన్నారు, తక్కువే కానీ ఉన్నారు. వాళ్ళని మావాళ్ళు కొందరు వెలేసినట్టు చూస్తారు, అది నాకు నచ్చదు. తిరిగి వచ్చే దారి తెరిచే ఉందని తెలిస్తేనే మనిషి నిదానంగా ఆలోచించి అడుగు వేస్తాడు. మీ చెల్లెలికి కూడా ఆ మాట చెప్పి ఉంచండి, కానీ దాన్ని రోజూ గుర్తు చెయ్యకండి.

ఎవరైనా డాక్టర్ "మామూలుగా చేసేస్తాను" అంటే మాత్రం అటు పోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల కొత్త జాబితాలో ట్రాన్స్‌గా ఉండటాన్ని మానసిక జబ్బుల విభాగం నుంచి తీసేసింది, అది 2022 నుంచి అమల్లో ఉంది. అలా మార్చేస్తామని చేసే చికిత్సని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా చూడాలని జాతీయ మెడికల్ కమిషన్ కూడా అదే ఏడాది రాష్ట్ర మెడికల్ కౌన్సిళ్ళకి రాసింది.

ఇంట్లో మీరు చెయ్యగలిగింది ఎక్కువ, ఖర్చు కూడా లేనిది. తెలుగులో ఎదురుగా మాట్లాడేటప్పుడు "తిన్నావా, వచ్చావా" అంటే ఆడా మగా తేడా లేదు, మీ అమ్మ నోరు తడబడదు. ఇబ్బంది "ఏరా"తో వస్తుంది, వెనకనుంచి "వాడు వచ్చాడు" అన్నప్పుడు వస్తుంది. మొదట ఆ "రా" ఒక్కటి మానెయ్యమనండి. "ఏమే" అనడానికి నోరు రాకపోతే పేరు పెట్టి పిలిచినా చాలు, తను కోరిన పేరు. మీ అమ్మ ఏడుపుకి తొందరపెట్టకండి. ఆమె మనసులో కొడుకు పెళ్ళి, కోడలు, ఇంకా ఎన్నో ఉన్నాయి, అవి పోతుంటే ఏడుస్తుంది. కానీ ఆ ఏడుపుకి జవాబు చెప్పే బాధ్యత మీ చెల్లెలి మీద వెయ్యకండి, అది మీరో, మీ నాన్నో తీసుకోండి. బాబాయి మళ్ళీ సగం సగం అంటే, "తనకి ఇప్పుడు ఏది కావాలో అది చేసుకుంటోంది, మిగతాది తన ఇష్టం" అని ఒక్కసారి చెప్పి టాపిక్ మార్చండి, వాదించకండి.

మీరు చివర్లో ఫాల్గుణంలో మీ పెళ్ళి ఉందని, తను ఏ బట్టల్లో రావాలో తెలియట్లేదని రాశారు. ముందు తననే అడగండి. అప్పటికి తనకే నలుగురిలో చీర కట్టుకోవాలని ఉండకపోవచ్చు, కొందరు ఇంటి పెళ్ళిలో గొడవ వద్దని కుర్తాలోనే వస్తారు, మరికొందరికి సొంత అక్క పెళ్ళిలో పట్టుచీర కట్టుకోవడం కంటే పెద్ద కోరిక ఉండదు. చీరే అంటే మీ పక్కన తోడపెళ్ళికూతురిగా కూర్చోబెట్టుకోండి. మీ ఇళ్ళలో లాజహోమం ఉంటే పెళ్ళికూతురి తమ్ముడు పేలాలు పొయ్యాలని పురోహితుడు పిలుస్తాడు, పీటల మీద అందరి ముందు అప్పటికప్పుడు తేల్చుకునే విషయం కాదు అది. ఒక రోజు ముందే ఆయనకి చెప్పి, పేలాలు పొయ్యడానికి మీ బాబాయి కొడుకుని సిద్ధం చేసి ఉంచండి.